అతిగా పనిచేసే థైరాయిడ్: కారణాలు, లక్షణాలు, నిర్ధారణ

మెడ ముందు భాగంలో, గొంతుముడికి కాస్త కిందుగా, శ్వాసనాళాన్ని ఆనుకుని ఉండే చిన్న అవయవం థైరాయిడ్ గ్రంథి. పెద్దవారిలో దాని బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. అయినా దాని ప్రభావం పడని కణం ఒంట్లో దాదాపు లేదు. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్న తిండి ఎంత త్వరగా ఖర్చు కావాలి, ఒంట్లో ఎంత వేడి పుట్టాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి అన్నవన్నీ ఈ గ్రంథి విడుదల చేసే హార్మోన్ల మీద ఆధారపడి ఉంటాయి. ఆ హార్మోన్లు అవసరానికి మించి తయారై రక్తంలో చేరే స్థితిని హైపర్‌థైరాయిడిజం అంటారు. థైరాయిడ్ జబ్బు అనగానే చాలామందికి గుర్తొచ్చేది హార్మోను తగ్గిపోయే హైపోథైరాయిడిజం. ఎక్కువయ్యే జబ్బు దానికంటే తక్కువమందిలో కనిపిస్తుంది. ఆలస్యంగా గుర్తిస్తే మాత్రం గుండెకు, ఎముకలకు, కళ్లకు నష్టం చేస్తుంది. దాని లక్షణాలు చాలావరకు ఒకే తీరుగా ఉన్నా, కారణాలు అనేకం. చికిత్స కారణాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. అందువల్ల హార్మోను పెరిగిందని తెలుసుకోవడం ఒక ఎత్తు, ఎందుకు పెరిగిందో తేల్చుకోవడం మరో ఎత్తు.

గ్రంథి పని, దాని మీద అదుపు

థైరాయిడ్ ప్రధానంగా రెండు హార్మోన్లను తయారుచేస్తుంది. ఒకటి థైరాక్సిన్, దీన్నే టీ4 అంటారు. రెండోది టీ3. రెండింటికీ ముడిసరుకు అయోడిన్. గ్రంథి ఎక్కువగా టీ4ను విడుదల చేస్తుంది. కాలేయం, మూత్రపిండాలు మొదలైన చోట్ల అది టీ3గా మారుతుంది. కణాల్లో అసలు పని చేసేది టీ3యే. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది, టీ3కి ఒక రోజు చాలు.

ఈ ఉత్పత్తి అంతా మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి అదుపులో ఉంటుంది. అది టీఎస్‌హెచ్ అనే హార్మోను ద్వారా థైరాయిడ్‌ను ప్రేరేపిస్తుంది. రక్తంలో టీ3, టీ4 పెరిగితే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. అవి తగ్గితే పెంచుతుంది. హైపర్‌థైరాయిడిజంలో టీఎస్‌హెచ్ దాదాపు అడుగంటిపోవడానికి కారణం ఇదే. రిపోర్టులో టీఎస్‌హెచ్ తక్కువ ఉంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని పొరపడేవారు ఉన్నారు. సాధారణంగా దాని అర్థం సరిగ్గా అందుకు వ్యతిరేకం.

హార్మోను పెరగడానికి రెండు దారులు

రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎక్కువైన ప్రతిసారీ గ్రంథి ఎక్కువగా పనిచేస్తోందని అనుకోవడానికి లేదు. గ్రంథిలో రెండు మూడు నెలలకు సరిపడా హార్మోను ఎప్పుడూ నిల్వ ఉంటుంది. మిల్లు రాత్రింబవళ్లు ఆడినా బజారులోకి సరుకు వెల్లువెత్తుతుంది, గోదాము గోడ కూలి నిల్వ బయటపడినా వెల్లువెత్తుతుంది. మొదటి రకంలో గ్రంథి నిజంగానే అతిగా పనిచేస్తుంది. రెండో రకంలో గ్రంథి దెబ్బతిని, నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోతుంది. ఉత్పత్తిని ఆపే మందులు మొదటి రకానికి పనిచేస్తాయి, రెండోదానికి పనిచేయవు. బయటి నుంచి మాత్రల రూపంలో హార్మోను ఎక్కువగా చేరడం మరో సందర్భం. కారణం ఏదైనా, రక్తంలో హార్మోను ఎక్కువై ఒంటి మీద ప్రభావం చూపే స్థితిని వైద్యులు థైరోటాక్సికోసిస్ అంటారు. అందులో గ్రంథి అతిగా పనిచేయడం వల్ల వచ్చే భాగమే హైపర్‌థైరాయిడిజం.

గ్రేవ్స్ వ్యాధి

హైపర్‌థైరాయిడిజానికి అన్నింటికంటే ముఖ్యమైన కారణం గ్రేవ్స్ వ్యాధి. 1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ తీవ్రమైన గుండెదడ, గొంతువాపు ఉన్న స్త్రీల గురించి రాశాడు. 1840లో జర్మనీలోని మెర్సెబుర్గ్‌లో కార్ల్ ఫాన్ బాసెడో గొంతువాపు, ముందుకు పొడుచుకొచ్చిన కనుగుడ్లు, గుండెదడ అనే మూడు లక్షణాలను కలిపి వర్ణించాడు. వారిద్దరికంటే ముందే ఇంగ్లండులోని బాత్ నగర వైద్యుడు కేలబ్ పారీ ఈ జబ్బును గమనించాడు. ఆయన రాతలు మాత్రం ఆయన చనిపోయాక, 1825లో వెలుగుచూశాయి. కారణం తెలియడానికి మరో శతాబ్దానికి పైగా పట్టింది. 1956లో న్యూజీలాండ్‌లో ఆడమ్స్, పర్వ్స్ అనే పరిశోధకులు రోగుల రక్తంలో థైరాయిడ్‌ను చాలాసేపు ప్రేరేపించే ఒక పదార్థాన్ని గుర్తించారు. అది రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీ అని తర్వాత తేలింది.

ఈ యాంటీబాడీ టీఎస్‌హెచ్ అతుక్కోవాల్సిన చోట అతుక్కుని, గ్రంథిని అదే పనిగా ప్రేరేపిస్తుంది. టీఎస్‌హెచ్‌కు ఉన్న అదుపు దీనికి లేదు. అందుకే రక్తంలో హార్మోను ఎంత పెరిగినా ఉత్పత్తి ఆగదు. గ్రంథి మొత్తం సమంగా ఉబ్బుతుంది. స్త్రీలలో ఈ వ్యాధి పురుషుల కంటే అనేక రెట్లు ఎక్కువ. 30 నుంచి 50 ఏళ్ల మధ్య ఎక్కువగా మొదలవుతుంది. కుటుంబంలో థైరాయిడ్ జబ్బులు, టైప్ 1 మధుమేహం, బొల్లి వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. అయితే వంశపారంపర్యమే సర్వస్వం కాదు. ఒకే రూపు కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినా రెండోవారికి రాకపోవడం తరచుగా చూస్తుంటారు. ప్రసవానంతర కాలం, పొగతాగడం, తీవ్రమైన మానసిక ఒత్తిడి వంటివి జబ్బును పైకి తెచ్చే అంశాలుగా గుర్తించారు.

గ్రేవ్స్ వ్యాధికి మాత్రమే ప్రత్యేకమైన గుర్తులు కంటి దగ్గర, కాలి చర్మం మీద కనిపిస్తాయి. రోగుల్లో సుమారు నాలుగోవంతు మందికి కనుగుడ్ల వెనక ఉండే కొవ్వు, కండరాలు వాస్తాయి. కళ్లు ముందుకు రావడం, ఎర్రబడడం, ఇసుక పడినట్టు గరగరలాడడం, నీరు కారడం, ఒకటి రెండుగా కనిపించడం దాని లక్షణాలు. చూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనిపించినా కంటి నాడి మీద ఒత్తిడి పడుతోందని అనుమానించి అదే రోజు వైద్యం అందించాలి. పొగతాగేవారిలో కంటి జబ్బు ఎక్కువగా వస్తుంది, వస్తే ముదురుతుంది. కొద్దిమందిలో మోకాలి కింద ముందువైపు చర్మం నారింజ తొక్కలా దళసరిగా మారుతుంది.

స్వతంత్రించిన గడ్డలు

వయసు పైబడినవారిలో, ముఖ్యంగా అయోడిన్ లోపం ఉన్న ప్రాంతాల్లో, గ్రంథిలో ఏళ్ల తరబడి పెరిగిన గడ్డలు రెండో ముఖ్య కారణం. గ్రంథిలోని కొన్ని కణాల్లో జన్యుమార్పు జరిగి, టీఎస్‌హెచ్ ఆజ్ఞ లేకుండానే అవి హార్మోను తయారుచేస్తుంటాయి. ఒకే గడ్డ అయితే టాక్సిక్ అడినోమా, అనేక గడ్డలైతే టాక్సిక్ మల్టీనాడ్యులర్ గాయిటర్ అంటారు. అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యుడు హెన్రీ ప్లమ్మర్ 1913లో ఈ రకాన్ని గ్రేవ్స్ వ్యాధి నుంచి వేరుచేసి చూపాడు. ఈ జబ్బు నెమ్మదిగా, గుట్టుగా ముదురుతుంది. కంటి మార్పులు ఉండవు. చాలాసార్లు గుండె లయ తప్పడమే దీన్ని మొదట బయటపెడుతుంది.

అయోడిన్: లోపం, అధికం

అయోడిన్ తక్కువైతే గొంతువాపు, హైపోథైరాయిడిజం వస్తాయని అందరికీ తెలుసు. హఠాత్తుగా ఎక్కువైనా ప్రమాదమే. స్వతంత్రించిన గడ్డలకు ముడిసరుకు దొరికితే అవి ఉత్పత్తిని పెంచేస్తాయి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 1966లో రొట్టెల్లో అయోడిన్ కలపడం మొదలుపెట్టాక థైరోటాక్సికోసిస్ కేసులు పెరిగాయి. అందులో ఎక్కువమంది నడివయసు దాటి, పాత గొంతువాపు ఉన్నవారే. కొన్నేళ్లకు ఆ పెరుగుదల తగ్గిపోయింది.

దీన్ని చూసి అయోడిన్ ఉప్పును మానేయడం పెద్ద పొరపాటు. భారతదేశంలో ఆ ఉప్పు విలువను నిరూపించినవారిలో అగ్రగణ్యుడు శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వైద్యవిద్య చదివిన వులిమిరి రామలింగస్వామి. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956లో మొదలైన అధ్యయనంలో ఆయన బృందం అయోడిన్ ఉప్పుతో గొంతువాపు తగ్గుతుందని చూపింది. దాని పునాది మీదే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరం, గర్భిణులకు 250. వినియోగదారుడికి చేరే ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నియమం. వంటలో వాడే ఆ మోతాదుతో ఆరోగ్యవంతుడికి థైరాయిడ్ అతిగా పనిచేసే ముప్పు లేదు.

ముప్పు తెచ్చేవి వేరే. గుండె లయకు వాడే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. అందులోంచి రోజూ ఒంట్లో విడుదలయ్యేది సాధారణ అవసరానికి నలభై రెట్లకు పైమాటే. సీటీ స్కాన్, యాంజియోగ్రామ్‌లకు ఎక్కించే మందులో గ్రాముల కొద్దీ అయోడిన్ ఉంటుంది. సముద్రపు నాచుతో చేసిన పోషక మాత్రలూ ఈ కోవలోవే. మెడలో పాత గడ్డలు ఉన్నవారు ఇలాంటివి వాడే ముందు వైద్యుడికి ఆ సంగతి చెప్పాలి.

గ్రంథి దెబ్బతిని హార్మోను కారిపోవడం

గ్రంథి వాచి దెబ్బతినే జబ్బులను థైరాయిడైటిస్ అంటారు. జలుబు, గొంతునొప్పి వంటి వైరస్ జబ్బు తగ్గిన కొన్ని వారాలకు వచ్చేది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్. మెడ ముందు తాకనివ్వనంత నొప్పి, అది దవడకో చెవికో పాకడం, జ్వరం, నీరసం దీని గుర్తులు. చెవినొప్పి అనో పంటినొప్పి అనో తిరిగి తిరిగి చివరికి ఇక్కడ తేలేవారు తక్కువేమీ కాదు.

నొప్పి లేకుండా వచ్చే రకాల్లో ముఖ్యమైనది ప్రసవానంతర థైరాయిడైటిస్. ప్రసవించిన ఏడాదిలోపు వంద మంది తల్లుల్లో సుమారు ఐదుగురికి ఇది వస్తుంది. మొదటి నెలల్లో దడ, చిరాకు, నిద్రలేమి ఉంటాయి. తర్వాత హార్మోను తగ్గిపోయి అలసట, దిగులు వస్తాయి. చంటిబిడ్డతో నిద్ర లేక ఇలా ఉందని ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఎక్కువమందిలో ఏడాదికల్లా గ్రంథి కుదుటపడుతుంది. కొందరిలో మాత్రం హైపోథైరాయిడిజం శాశ్వతంగా మిగిలిపోతుంది. క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యునోథెరపీ మందులు, లిథియం, ఇంటర్‌ఫెరాన్ కూడా థైరాయిడైటిస్‌కు దారితీయవచ్చు.

ఇతర కారణాలు

గర్భం తొలి మూడు నెలల్లో మాయ తయారుచేసే హెచ్‌సీజీ హార్మోను నిర్మాణంలో టీఎస్‌హెచ్‌ను పోలి ఉంటుంది. అది థైరాయిడ్‌ను కొంత ప్రేరేపిస్తుంది. వాంతులు విపరీతంగా ఉన్న గర్భిణుల్లోనూ, కవల గర్భాల్లోనూ ఈ ప్రభావం ఎక్కువ. రెండో త్రైమాసికానికి సాధారణంగా దానంతటదే తగ్గుతుంది. మాయ కణజాలం అసహజంగా పెరిగే ముత్యాల గర్భంలో ఇది తీవ్రంగా ఉండవచ్చు.

హైపోథైరాయిడిజానికి వాడే థైరాక్సిన్ మాత్ర మోతాదు మించినా ఇవే లక్షణాలు వస్తాయి. ఏళ్ల తరబడి పరీక్ష చేయించుకోకుండా పాత చీటీతోనే మాత్రలు కొనుక్కునేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. బరువు తగ్గిస్తామనే కొన్ని పొడుల్లో, మాత్రల్లో ఈ హార్మోను కలిసి ఉన్న ఉదాహరణలు ఉన్నాయి. ఆహారం ద్వారానూ ఇది జరిగింది. 1984–85లో అమెరికాలోని మిన్నెసోటా పరిసరాల్లో గొడ్డు మాంసం కీమాలో పశువు మెడలోని థైరాయిడ్ కలిసిపోయి, తిన్నవారిలో వందమందికి పైగా జబ్బుపడ్డారు.

పీయూష గ్రంథిలో టీఎస్‌హెచ్ తయారుచేసే కణితి చాలా అరుదు. అందులో హార్మోన్లు పెరిగినా టీఎస్‌హెచ్ తగ్గదు. ఈ ఒక్క తేడాయే దాన్ని పట్టిస్తుంది.

లక్షణాలు

కారణం ఏదైనా, పెరిగిన హార్మోను ఒంటినంతా పరుగులు పెట్టిస్తుంది. గుండెదడ అన్నింటికంటే సాధారణం. కూర్చున్నా, పడుకున్నా, చివరికి నిద్రలోనూ నాడి వేగంగానే ఉంటుంది. రక్తపోటులో పై అంకె పెరిగి కింది అంకె తగ్గవచ్చు. ఆకలి బాగా వేస్తుంది, బాగా తింటారు, అయినా బరువు తగ్గుతారు. మన దగ్గర ఇలా చిక్కిపోతే ముందు మధుమేహం, తర్వాత క్షయ అనుమానిస్తారు. అనుమానించడం సరైనదే, ఆ వరసలో థైరాయిడ్ పరీక్షకూ చోటుండాలి. పైగా మధుమేహం ఉన్నవారిలో ఈ జబ్బు చక్కెర విలువలను ఇంకా పెంచుతుంది. కొద్దిమంది మాత్రం అతిగా తిని బరువు పెరుగుతారు కూడా.

ఒంట్లో మంట పుట్టినట్టు ఉండడం, చెమటలు, నలుగురికీ చలిగా ఉన్నప్పుడు ఫ్యాను కావాలనిపించడం మరో ముఖ్య లక్షణం. మే నెల ఎండల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, వేడి చేసిందని మజ్జిగతో సరిపెడతారు. డిసెంబరులోనూ అలాగే ఉంటే అనుమానించాలి. చాచిన చేతివేళ్లు సన్నగా వణుకుతాయి. గాబరా, చిరాకు, నిద్రపట్టకపోవడం, మనసు ఒకచోట నిలవకపోవడం చూసి మానసిక ఆందోళనగా పొరపడే అవకాశం ఉంది. తేడా చెప్పే ఒక చిన్న గుర్తు ఉంది. ఆందోళనలో అరచేతులు సాధారణంగా చల్లగా తడిగా ఉంటాయి, థైరాయిడ్ అతిగా ఉన్నవారివి వెచ్చగా తడిగా ఉంటాయి.

విరేచనాలు రోజుకు మూడు నాలుగు సార్లు కావడం, జుట్టు పలచబడడం, గోరు కింద చర్మం నుంచి ఊడినట్టు విడిపోవడం కనిపిస్తాయి. తొడల, భుజాల కండరాలు బలహీనపడి, కింద కూర్చున్నవారు చేతి ఊతం లేకుండా లేవలేరు, మెట్లెక్కడం కష్టమవుతుంది. స్త్రీలలో నెలసరి తక్కువగా, ఆలస్యంగా వస్తుంది, గర్భం నిలవకపోవచ్చు. పురుషుల్లో రొమ్ములు ఉబ్బవచ్చు. పై కనురెప్ప పైకి లాగినట్టుండి, చూపు తేరిపారినట్టు కనిపించడం ఏ రకంలోనైనా ఉండవచ్చు. అయితే కనుగుడ్లు పొడుచుకురావడం గ్రేవ్స్ వ్యాధికే గుర్తు. రక్తపరీక్షల్లో మందులేమీ వాడకుండానే కొలెస్ట్రాల్ తగ్గిపోవడం ఒక సూచన. జబ్బు చాలాకాలం సాగితే ఎముకలు బలహీనపడతాయి.

వయసును బట్టి తేడాలు

అరవై దాటినవారిలో ఈ జబ్బు వేషం మారుతుంది. దడ, వణుకు, గాబరా లేకుండా నీరసం, దిగులు, ఆకలి తగ్గడం, బరువు కోల్పోవడం మాత్రమే ఉండవచ్చు. వయసు మీద పడిందనో, క్యాన్సర్ అనో అనుకుంటారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ దోషం, గుండె వైఫల్యం కొత్తగా వచ్చిన పెద్దవారికి థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. ఆ లయ దోషం వల్ల గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు.

పిల్లల్లో చదువు మీద శ్రద్ధ తగ్గడం, చేతిరాత చెడిపోవడం, ప్రవర్తన మారడం, వయసుకు మించి త్వరగా పొడవవడం మొదటి సూచనలు కావచ్చు. గ్రేవ్స్ వ్యాధి ఉన్న తల్లి యాంటీబాడీలు మాయ దాటి, పుట్టబోయే బిడ్డ గ్రంథిని కూడా ప్రేరేపించగలవు. తల్లికి గతంలో చికిత్స జరిగి జబ్బు అదుపులో ఉన్నా ఈ ముప్పు పూర్తిగా పోదు.

ఆసియా ప్రాంతపు యువకుల్లో కనిపించే ప్రత్యేక లక్షణం ఆకస్మిక కండర పక్షవాతం. రాత్రి భారీగా అన్నం, తీపి తిని పడుకుని తెల్లవారుజామున లేవబోతే కాళ్లు కదలవు. రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పడిపోవడం దీనికి కారణం. పొటాషియం సరిదిద్దితే బలం తిరిగి వస్తుంది. థైరాయిడ్‌ను అదుపు చేస్తే మళ్లీ రాదు.

అత్యవసర స్థితి

చికిత్స లేని లేదా మాత్రలు హఠాత్తుగా మానేసిన రోగికి ఇన్‌ఫెక్షన్, ఆపరేషన్, ప్రసవం వంటి ఒత్తిడి తోడైతే థైరాయిడ్ స్టార్మ్ రావచ్చు. తీవ్రమైన జ్వరం, అతివేగపు గుండె, వాంతులు, విరేచనాలు, కలవరింత, స్పృహ తప్పడం దాని రూపు. సరైన వైద్యం అందినా ప్రాణాపాయం ఉండే స్థితి ఇది. ఆలస్యం చేయకుండా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

నిర్ధారణ

మొదటి పరీక్ష టీఎస్‌హెచ్. అది తక్కువగా ఉంటే ఫ్రీ టీ4, టీ3 చూస్తారు. కొందరిలో టీ4 మామూలుగానే ఉండి టీ3 ఒక్కటే పెరుగుతుంది. టీఎస్‌హెచ్ మాత్రమే తగ్గి మిగతావి మామూలుగా ఉంటే సబ్‌క్లినికల్ దశ అంటారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షించి, వయసును, గుండె, ఎముకల పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకుంటారు. జుట్టుకు, గోళ్లకు వాడే బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షా పద్ధతుల్లో తప్పుడు ఫలితాలు చూపిస్తాయి. జబ్బు లేకున్నా ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి.

తర్వాతి మెట్టు కారణం తేల్చడం. టీఎస్‌హెచ్ రిసెప్టార్ యాంటీబాడీ ఉంటే గ్రేవ్స్ వ్యాధి. అది లేకపోతే టెక్నీషియం లేదా రేడియో అయోడిన్ స్కాన్ దారి చూపుతుంది. గ్రంథి మొత్తం సమంగా మెరిస్తే గ్రేవ్స్, అక్కడక్కడా మెరిస్తే గడ్డలు, అసలు మెరవకపోతే థైరాయిడైటిస్ లేదా బయటి హార్మోను. ఇటీవల అయోడిన్ ఎక్కువగా చేరిన వారిలోనూ స్కాన్ మెరవకపోవచ్చు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రేడియో అయోడిన్ స్కాన్ చేయరు. వారికి యాంటీబాడీ పరీక్ష, డాప్లర్ అల్ట్రాసౌండ్ ఉపయోగపడతాయి.

కారణాన్ని బట్టి చికిత్స

గ్రేవ్స్ వ్యాధికి సాధారణంగా కార్బిమజోల్ లేదా మెథిమజోల్ మాత్రలు 12 నుంచి 18 నెలలు ఇస్తారు. ఆపాక దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెడుతుంది. గర్భం తొలి మూడు నెలల్లో మందు అవసరమైతే ప్రొపైల్‌థయోయురాసిల్‌ను ఎంచుకుంటారు. ఈ మందులు వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి వెంటనే తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. అరుదుగా ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. గడ్డల వల్ల వచ్చే రకం మాత్రలతో శాశ్వతంగా నయం కాదు. దానికి రేడియో అయోడిన్ లేదా ఆపరేషన్ సరైన దారి. థైరాయిడైటిస్‌కు ఈ మాత్రలు అనవసరం. దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ వంటి మందు, నొప్పి ఉంటే దానికి మందు చాలు. మోతాదు మించిన థైరాక్సిన్‌కు మోతాదు సరిచేయడమే మందు.

ఈ జబ్బును గుర్తించడానికి అవసరమైన తొలి రక్తపరీక్ష నేడు చిన్న పట్టణాల్లోనూ అందుబాటులో ఉంది. కారణం తెలియకుండా బరువు తగ్గినా, విశ్రాంతిలోనూ దడ తగ్గకపోయినా, చేతులు వణికినా, గుండె లయ తప్పినా ఆ పరీక్ష చేయించుకోవాలి. టీఎస్‌హెచ్ తగ్గిందని తెలిసిన రోజునే మాత్రలు మొదలుపెట్టకుండా, అది ఎందుకు తగ్గిందో వైద్యుడితో తేల్చుకున్నాకే చికిత్సలోకి దిగడం మంచిది. కారణం సరిగ్గా తేలితే హైపర్‌థైరాయిడిజం దాదాపు ప్రతి రోగిలోనూ అదుపులోకి వచ్చే జబ్బే.